బెత్తెడు తెరిచిన తలుపు

“షీజ్ ఆఫ్టర్ ఓపెనింగ్ ద డోర్, మమ్మీ” అంది నా కూతురు. గోడమీది బొమ్మలో ఉన్నావిడ ఇప్పుడే తలుపు తీసిందని చెప్పటం. ఐర్లండులో పెరిగే పిల్లలు ఇలాగే మాట్లాడతారు. అప్పటికి దానికి ఆరేళ్లు. ఆ మాటకి నేనేమీ ఉలిక్కిపడలేదు. బొమ్మలో ఆవిడ గురించి అది కొన్నాళ్లుగా ఏదో ఒకటి చెబుతూనే ఉంది. నన్ను భయపెట్టింది ఆ మాట చెప్పిన తీరు. చెంప కార్పెట్‌కి ఆనించి, కళ్లు సగం మూసి, తల ఎత్తకుండా చెప్పింది. నేను దుకాణం నుంచి వచ్చానంటే సంచీలో తల దూర్చకుండా ఊరుకునే పిల్ల కాదది. గుమ్మంలోనే నిలబడిపోయాను. ముఖంమీద ఇంకా బయటి చలి ఉంది. గది వెచ్చగా ఉంది, సాంబ్రాణి వాసన కమ్మగా ఉంది, కుర్చీలో పెద్దమ్మ ఒళ్లో చంటివాడిని పెట్టుకుని కునుకుతోంది. చూస్తే ఏ ఇంట్లోనైనా ఉండే సాయంత్రమే. కానీ ఈ గదిలో మేము కాక ఇంకేదో ఉందని నా ఒంటికి తెలిసింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఇవాళ సాయంత్రం నా కూతురు ఆ బొమ్మని బడికి తీసుకెళ్తానంది. ఇంట్లో ఉన్న పాత వస్తువు ఏదైనా తెచ్చి దాని కథ చెప్పమని టీచరు అడిగిందట. “మనింట్లో దానికంటే పాతది నాన్న కారే” అంది. తర్వాత గొంతు తగ్గించి, “దానిలో దయ్యం ఉందని చెప్పొచ్చా?” అని అడిగింది. ఇంగ్లీషులోనే అడిగింది. నేను తెలుగులో, ఏమీ చెప్పక్కర్లేదు అన్నాను. ఇప్పుడు పిల్లలిద్దరూ పడుకున్నారు. ఇది రాయటానికి కూర్చునే ముందు పైకి వెళ్లి వాళ్ల ముక్కుల దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. ఈ అలవాటు చూసి మా ఆయన నవ్వేవారు. ఇప్పుడు నవ్వటం మానేసి, నేను కిందికి దిగాక తనూ వెళ్లి చూసి వస్తున్నారు.

మేము అప్పుడు కిల్కెన్నీలో, నదికి దగ్గరలో, వరసగా ఒకదానికొకటి అంటుకుని ఉండే పాత ఇళ్లలో ఒక దానిలో అద్దెకుండేవాళ్లం. మా ఆయనకి క్లోనీ దగ్గర డేటా సెంటర్లో షిఫ్టులు. అంత దూరం రోజూ తిరగలేక, డ్యూటీ ఉన్న రోజుల్లో అక్కడే స్నేహితుడి గదిలో పడుకునేవారు. దగ్గర్లోనే ఇల్లు తీసుకోవచ్చు కదా అని అందరూ అడిగేవారు. ఆ రోజుల్లో ఇల్లు దొరకటమే గొప్ప, దగ్గరా దూరమా అని ఎంచుకునే భాగ్యం ఎవరికుంది. ఈ ఇల్లు మాత్రం వచ్చి పడింది. ఇంటావిడ పెద్దావిడ, తెల్లటి కురచ జుట్టు, మనిషి కంటే ముందు ఆవిడ రెయిన్‌కోటు చప్పుడు వినిపించేది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. గోడలమీది బొమ్మలు గోడలమీదే ఉండాలి.

ఆ బొమ్మలు ఆవిడ మేనత్తవి. మేనత్త క్రైస్తవ సన్యాసిని, జపాన్‌లో ఒక బడిలో ఏళ్లతరబడి పాఠాలు చెప్పి, ముసలితనంలో ఈ ఇంటికే తిరిగివచ్చింది. వచ్చేటప్పుడు ఒక పెట్టె నిండా చెక్క దిమ్మెలతో కాగితంమీద అచ్చువేసిన బొమ్మలు తెచ్చింది. రాజులూ యుద్ధాలూ కావు. మెట్లగోడమీద ఒకావిడ బట్టల తొట్టి దగ్గర వంగి చీరలాంటి పొడవాటి గుడ్డ పిండుతూ ఉండేది. ఆ పైన వానలో వంతెనమీద పరిగెత్తేవాళ్లు, ఒకే గొడుగులోకి ముగ్గురు దూరి. వంటింట్లో చేప కడిగే ఆవిడ, ఆవిడ కాళ్ల దగ్గర అదను కోసం చూసే పిల్లి. మా పడకగదిలో ఒకతె దోమతెర అంచు ఎత్తి లోపలికి దూరబోతూ ఉండేది, ఎప్పటికీ దూరేది కాదు. వాళ్లెవరూ మన వైపు చూడరు. అందరికీ చేతినిండా పని. మెడ వెనక భాగమో, చెంప వంపో కనిపిస్తుంది, అంతే.

నాకు బాబు పుట్టే ముందు అమ్మ రాలేకపోయింది, మోకాలి ఆపరేషను. అమ్మకి బదులు పెద్దమ్మ వచ్చింది, పెడన నుంచి. ఆ ఊళ్లో ప్రతి వీధిలోనూ గుడ్డలమీద అద్దకం అచ్చులు కొట్టే చప్పుడు వింటూ పెరిగిన మనిషి. వచ్చిన మర్నాడే కళ్లజోడు పెట్టుకుని గోడ గోడా తిరిగి చూసింది. “ఇది మన అచ్చుపనేనే. రంగుకో దిమ్మె. ఇదిగో, ఆకాశంలో చెక్క గీతలు కూడా పడ్డాయి” అని మురిసిపోయింది. ఇంకో చుట్టు తిరిగి, “ఇంతమంది ఆడవాళ్లు ఒంగి ఒంగి పని చేస్తున్నారు, ఒక్క మగాడూ సాయం రాడేమే? వీళ్ల మొగుళ్లకీ క్లోనీలోనే డ్యూటీనా?” అంది. మా ఆయన ఆ పూట అంట్లు తోమారు.

ముందుగదిలో మాత్రం ఒకే బొమ్మ ఉండేది. దాని ముందు పెద్దమ్మ నవ్వలేదు. ఒకావిడ కుంపటి ముందు కూర్చుని ఉంది. కుంపటిమీద కెటిల్. ఆవిడ మోకాలికి తల ఆనించి ఒక పిల్లవాడు పడుకున్నాడు. అందరిలో ఈవిడ ఒక్కతే తల కొంచెం తిప్పి, గదిలో ఉన్నవాళ్లని ఓరగా చూస్తున్నట్టు ఉండేది. ఎరుపు రంగులు వెలిసిపోయి పెదవులు బూడిద రంగుకి వచ్చాయి. ఆ బొమ్మ కింద, గోడలో, పిడికిలి పట్టేంత గాలి కంత ఒకటి. బయటి చలి తిన్నగా లోపలికి వచ్చేది. తాళాలు ఇచ్చిన రోజున ఇంటావిడ ఆ కంతమీద వేలితో కొట్టి, “ఈవిడకి కాస్త గాలి ఆడనివ్వండి. మిగతాదంతా గ్రాండ్” అంది, అంతా బాగానే ఉందన్నట్టు. పెద్దావిడ, ఒంటరి మనిషి, బొమ్మలతో మాట్లాడుకుంటుందని మేము నవ్వుకున్నాం. పైగా ముద్దొచ్చింది కూడా.

నవంబరు వచ్చేసరికి ఆ ముద్దు పోయింది. నాలుగున్నరకే చీకటి. బాబుకి నీళ్లు పోసేది ఆ గదిలోనే, గ్యాస్ హీటరు అక్కడే ఉంది కాబట్టి. కాళ్లమీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి పోస్తుంటే ఆ కంతలోంచి వచ్చే గాలి కత్తిలా తగిలేది. పెద్దమ్మ తన పాత నేతచీరని చింపి ఇచ్చింది. మా ఆయన దాన్ని ఉండచుట్టి కంతలో కూరి, పైన టేపు వేశారు. తలుపు కింద సందుకి చాపలాగా చుట్టిన దుప్పటి. గది డబ్బాలాగా బిగిసిపోయింది. ఎంత హాయిగా ఉందో.

తలంటు తర్వాత సాంబ్రాణి పొగ పట్టకపోతే పెద్దమ్మకి నీళ్లు పోసినట్టే ఉండదు. జలుబు చేస్తుంది, జుట్టు ఆరదు, పిల్లాడికి నిద్ర పట్టదు. నాకూ ఆ పొగ పట్టే పెంచారు, మా అమ్మకీ అంతే. కొబ్బరిచిప్పల బొగ్గులు ఇక్కడెక్కడ. వేసవిలో పెరట్లో కాల్చుకుతినటానికి తెచ్చిన బార్బెక్యూ బొగ్గుల సంచీ షెడ్‌లో సగం మిగిలి ఉంది. వాటిని పొయ్యిమీద ఎర్రగా కాల్చి, ఇనప మూకుట్లో వేసి, సాంబ్రాణి చల్లి గదిలోకి తెచ్చేది. పొగ పట్టటం అయ్యాక కూడా మూకుడిని గది మూలనే ఉంచేది, వెచ్చగా ఉంటుందని. మొదటి రోజు గోడకున్న చిన్న తెల్ల డబ్బా ఒకటి కీచుమని అరిచింది. ఈ దేశంలో పోపు పెడితే అరిచే డబ్బాలు ఇంటింటికీ ఉంటాయి, ఇంగువకి అరుస్తాయి, అప్పడానికి అరుస్తాయి, మనవాళ్లందరూ తువ్వాలు విసురుతూ వాటి కింద నాట్యం చేసినవాళ్లే. ఇదీ ఆ జాతిదే అనుకున్నాం. మా ఆయన దాన్ని పీకి, అరుపు ఆగకపోతే తువ్వాల్లో చుట్టి షెడ్‌లో పడేసి వచ్చారు. వంటింట్లో ఉన్న డబ్బా వేరు, ఇది వేరు అని ఎవరికీ తోచలేదు.

ఆ నెలలోనే ఇంటికి ఏదో పట్టింది. తలంటు రోజుల్లో సాయంత్రానికి నాకు కణతలు పగిలిపోయేవి. అమ్మాయి వాంతి చేసుకునేది. బడికి వెళ్తే బాగానే ఉండేది, ఇంటికొచ్చి ఆ గదిలో కాసేపు ఆడుకుంటే వాడిపోయేది. జీపీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. బడిలో ఏదో పొట్ట జబ్బు తిరుగుతోందట, నీళ్లు బాగా తాగమంది. పెద్దమ్మ మాత్రం మరోలా లెక్క వేసింది. పెరట్లో బాగుంటున్నాం, బజార్లో బాగుంటున్నాం, మేడమీద ఫరవాలేదు. ఆ గదిలో, ఆ బొమ్మ ఎదురుగానే ఇలా అవుతోంది. “అదొక్కతే మన వైపు చూస్తుంది, గమనించావా?” అంది నాతో. నేను ఇంజనీరింగ్ చదివాను. అయినా ఆ మాట విన్నాక ఆ గదిలో బొమ్మకి వీపు పెట్టి కూర్చోలేకపోయాను. పాలిస్తూ తలెత్తితే ఆవిడ చూస్తూ ఉండేది. ఒక్కోసారి ఆవిడ చుట్టూ గీతలు నీళ్లలో లాగా కదిలేవి. అమ్మాయికీ కదిలేవట. ఒకసారి, ఆవిడ పిల్లవాడు ఊపిరి తీసుకోవటం లేదని చెప్పింది. నేను గట్టిగా కసిరాను. కసిరాక వెళ్లి చూశాను. అచ్చువేసిన పిల్లవాడు ఊపిరి ఎలా తీసుకుంటాడు. అయినా చాలాసేపు చూశాను.

పెద్దమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. వంటింటి డబ్బా గోలపెట్టింది. బొమ్మని దించుదామంటే ఇంటావిడ షరతు ఉంది, అందుకని దానిమీద తువ్వాలు కప్పి పైన పిన్ను గుచ్చింది. రెండో పూటకే తువ్వాలు కింద పడి ఉంది. మళ్లీ కప్పితే మళ్లీ పడింది. దాంతో పెద్దమ్మకి అనుమానం తీరిపోయింది. ఇంటికి పట్టిన పీడ వదలాలంటే ఆమెకి తెలిసిన మందు ఒక్కటే. తలంటు రోజులే కాదు, రోజూ దీపాల వేళకి సాంబ్రాణి వేయటం మొదలుపెట్టింది. మేము ఎంత నీరసపడితే మూకుట్లో అన్ని బొగ్గులు పెరిగాయి. పిల్లల మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, తన తలనొప్పికి గుడ్డ కట్టుకుని, వాళ్ల కోసం నిప్పులు ఊదుతూ కూర్చునేది.

ఆ సాయంత్రం నేను పాల కోసం దుకాణానికి వెళ్లాను. వెళ్లి వచ్చేసరికి తలనొప్పి పోయింది, చలిగాలికి ముఖం తేటపడింది. తలుపు తీసి లోపలికి వచ్చాను. అమ్మాయి కార్పెట్‌మీద నుంచి ఆ మాట అంది. తువ్వాలు మళ్లీ జారి నేలమీద ఉంది. ఆవిడ తలుపు తీసిందా అని, పిచ్చిదానిలా, బొమ్మ వైపు చూశాను.

తలుపు తీసే ఉంది. ఆవిడ వెనక కాగితపు తలుపు బెత్తెడు పక్కకి జరిపి ఉంది. ఆ సందులోంచి మంచు పడుతున్న కొమ్మ కనిపిస్తోంది. అది ఎప్పుడూ అలాగే ఉంది. ఇన్నాళ్లూ ఆవిడ ముఖాన్నే చూసి భయపడ్డాం తప్ప ముఖం పక్కన ఏముందో మేము చూడలేదు. బయట మంచు. లోపల నిప్పు. మోకాలిమీద నిద్రపోతున్న బిడ్డ. ఇంత చలిలో ఏ తల్లి తలుపు తీసి పెట్టుకుంటుంది, ఎందుకు పెట్టుకుంటుంది. ఈవిడకి కాస్త గాలి ఆడనివ్వండి, అన్న మాట చెవిలో వినిపించింది. నా కళ్లు కింద ఉన్న టేపుమీద పడ్డాయి, ఆ పక్కనే మూలనున్న మూకుడుమీద పడ్డాయి. బొగ్గులు ఎర్రగా, పొగే లేకుండా, నిశ్శబ్దంగా కాలుతున్నాయి.

పాల సీసా ఎక్కడ పడేశానో తెలియదు. పెద్దమ్మ ఒళ్లోంచి బాబుని లాక్కున్నాను. వాడి మెడ నిలబడలేదు, తడిగుడ్డలా వాలిపోయింది. అమ్మాయిని ఒంటిచేత్తో జబ్బ పట్టి ఈడ్చుకుంటూ వీధిలోకి వచ్చాను. పక్కింటాయన చెత్తడబ్బా బయట పెడుతున్నాడు. నా నోటి వెంట తెలుగే వచ్చింది. ఆయనకి ఏమర్థమైందో, లోపలికి పరిగెత్తి పెద్దమ్మని రెండు చంకల కిందా పట్టుకుని ఎత్తుకొచ్చాడు. వాళ్లావిడ అంబులెన్సుకి ఫోన్ చేసింది. నేను మెట్టుమీద కూర్చుని చంటివాడి ముఖాన్ని చలిగాలి వైపు పట్టుకున్నాను. చలి తగలకూడదని నెలరోజులుగా దుప్పట్లూ టేపులూ పెట్టి కాపాడిన ముఖం. తగలాలి, ఇంకా తగలాలి, అని బతిమాలుకున్నాను. వాడు ఎంతసేపటికో ముక్కు చిట్లించాడు. తర్వాత ఏడ్చాడు. పక్కింటావిడ కూడా ఏడ్చింది.

వచ్చిన ఫైర్ బ్రిగేడ్ అతను చేతిలో చిన్న మీటరు పట్టుకుని గదిలోకి వెళ్లి వెంటనే వెనక్కి వచ్చాడు. బొగ్గుల నుంచి వచ్చే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు గది నిండా ఉందన్నాడు. కిటికీలన్నీ తెరిచాక, గోడమీద డబ్బా లేని గుర్తు చూసి, దాన్ని పసిగట్టే అలారం ఏదని అడిగాడు. ఆసుపత్రిలో మా అందరికీ ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. పెద్దమ్మకి తెలివి వచ్చాక మాస్కు పక్కకి లాగి మొదట పిల్లలని అడిగింది. ఇద్దరూ బాగున్నారని చెప్పాను. విషయమంతా వివరించాను. “పాపం, ఆవిడ ముఖానికి తువ్వాలు కప్పానే” అంది. నర్సు వచ్చి మాస్కు మళ్లీ పెట్టింది.

తర్వాత ఇంటావిడ వచ్చింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కంతలోంచి చీర గుడ్డ బయటికి లాగి, నాలుగు మడతలు పెట్టి, పెద్దమ్మ చేతికి ఇచ్చింది. తన చిన్న తమ్ముడు పడుకునేది ఈ గదిలోనేనని అప్పుడు చెప్పింది. తన చిన్నతనంలో, పొగగొట్టం పూడుకుపోయిన ఒక చలికాలంలో, వాడు పొద్దున లేవలేదట. మేనత్త జపాన్ నుంచి వచ్చాక గోడకి కంత కొట్టించి, ఆ పైన ఈ బొమ్మ తగిలించిందట. ఈ సంగతి అద్దెకొచ్చేవాళ్లకి చెబితే ఎవరుంటారు అంది ఇంటావిడ, చెప్పనందుకు సర్దిచెప్పుకుంటున్నట్టు. పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు. ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మేము ఆ ఇల్లు వదిలేటప్పుడు గోడమీది షరతు తనే సడలించి బొమ్మని మాకిచ్చింది. ఇప్పుడు అది మా కొత్త ఇంట్లో అలారం డబ్బా పక్కన ఉంది. ఆవిడ చూపు నన్నింకా వదల్లేదు. వదలకపోవటమే మంచిదని ఉంచాను.

కానీ ఆ రాత్రి గడిచిన పొద్దున ఇంటావిడ తమ్ముడి సంగతి మాకింకా తెలియదు. ఆసుపత్రి కిటికీకి నీళ్లపాల రంగు వెలుతురు వచ్చింది. క్లోనీ నుంచి వచ్చిన మా ఆయన కుర్చీలో కూర్చునే నిద్రపోయారు. బాబు నా ఒళ్లో పాలు తాగి, నా వేలు పట్టుకుని ఆడుతున్నాడు. అమ్మాయి కళ్లు తెరిచి, ఇదంతా బొమ్మలో ఆవిడే చేసిందా అని అడిగింది. దాన్నీ దగ్గరికి తీసుకుని, ఇద్దరికీ కలిపి చెప్పాను. “కాదమ్మా. ఆవిడా ఒక అమ్మే. బయట మంచు పడుతోందని కుంపటి పెట్టుకుంది. బాబు పడుకున్నాడని తలుపు బెత్తెడు తీసి ఉంచింది. మనకి చూపిస్తూనే ఉంది, మనమే చూడలేదు.”

మరి వాళ్ల బాబు ఎప్పుడు లేస్తాడు అంది అమ్మాయి.

“అక్కడ ఇంకా తెల్లవారలేదు” అన్నాను. “మనకి తెల్లవారింది.”